రెండు సెకన్ల నాన్న

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది నాన్న. మొహం కడుక్కుని, కళ్ళు మూసుకునే చెయ్యి చాచి, "తువ్వాలేదీ?" అని పెదాలు కదుపుతాడు. గొంతు ఇంకా బయటికి రాకముందే అమ్మ తువ్వాలు తెచ్చి భుజం మీద వేసేస్తుంది. ఆ తర్వాత వస్తుంది మాట, "తువ్వాలేదీ?" అని. "నీ భుజమ్మీదే ఏడ్చింది" అంటుంది అమ్మ. పాతికేళ్ళుగా రోజూ ఇదే తంతు. నాన్న పెదాలు ఇప్పుడు కదిలితే గొంతు రెండు సెకన్ల తర్వాత వినిపిస్తుంది. సరిగ్గా రెండు. పుట్టుకతోనే అంత. కొందరిది ఎడమచేతి వాటం, కొందరివి పిల్లికళ్ళు, ఈయనది ఇది. ఫోన్లో కొత్తవాళ్ళెవరైనా అయితే "హలో, ఉన్నారా?" అని ఒకసారి ఎక్కువ అంటారు, అంతే. ఇంట్లోవాళ్ళు మాత్రం ఆయన పెదాలు చూసి జవాబు చెప్పేస్తారు. గొంతు వచ్చిందా లేదా అని ఎవరూ పట్టించుకోరు.

అలాంటి మనిషిని క్రేన్ యార్డులో లోడు ఎక్కించే, దించే కేకలెయ్యడానికి ఎవడు పెట్టాడయ్యా అని మీరు అడగొచ్చు. అడగండి, తప్పులేదు. ఆ యార్డులో యంత్రాల రొదకి ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. కింద నిలబడ్డవాడి రెండు చేతులూ లోడు ఊగకుండా తాడు పట్టుకుని ఉంటాయి. కాబట్టి పైన గాజు కేబిన్లో కూర్చున్న ఆపరేటరు కిందవాడి నోరు చూసే మీటలు కదపాలి. ‘చెవి కాదు, కన్ను’ అని కేబిన్ అద్దం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. నాన్న నోరంత స్పష్టంగా కదిలే నోరు అక్కడ ఇంకోటి లేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క లోడు పడలేదు.

పడిందల్లా పోయిన నెలలో. ఇనప గొట్టాల కట్ట ఒకటి గాల్లో ఒరిగి, జారి మీద పడటంతో కింద పనిచేస్తున్న ఒకతని కాలు విరిగింది. కొత్తగా వచ్చిన యాజమాన్యం అంతకు ముందు వారమే యార్డులో గొంతు కూడా రికార్డు చేసే కెమెరా పెట్టించింది. అందులో నాన్న వీపు కనిపిస్తుంది, నోరు కనిపించదు. కట్ట ఒరిగింది పదమూడో సెకనులో. "ఆపు!" అన్న కేక పద్నాలుగులో. ఇంకేముంది, పడ్డాక అరిచాడన్నారు. ఇంటికి పంపి విచారణ వేశారు. తప్పు ఆయనదే అని తేలితే ఉద్యోగం పోతుంది. యాభై ఆరేళ్ళ మనిషిని, పైగా ఒకడి కాలు విరగ్గొట్టాడన్న పేరున్నవాణ్ణి, ఇంకే యార్డు గేటు లోపలికి రానిస్తుంది?

సాక్ష్యం లేకపోలేదు. లోడు లేచిన ప్రతిసారీ స్టోర్‌కీపరమ్మ ఫోన్లో వీడియో తీసి పెట్టుకోవాలని యార్డు నియమం. ఆ రోజు ఆవిడ తీసిన దాంట్లో పక్కనించి నాన్న మొహం స్పష్టంగా ఉంది. ఆయనకి ఎదురుగా, పైన, కేబిన్ అద్దం కూడా ఉంది. ఆ వీడియో నాన్న కూతురి చేతికి వచ్చింది. ఆ అమ్మాయిది వీడియోలు కత్తిరించి అతికించే పనే. ఈత నేర్పేవాళ్ళకీ, చెప్పుల షాపులకీ, స్కూలు నాటకాలకీ వీడియోలు చేసిపెడుతుంది. వీధిలో అందరూ ఎడిటరమ్మ అంటారు. ఆమె లాప్‌టాప్‌కి ఏడేళ్ళు, మూత విరిగితే టేపు వేసి అంటించింది. చిన్నాచితకా పనులకి అది సరిపోయేది.

మొదటి విచారణలో అది పరువు తీసింది. స్టోర్‌కీపరమ్మ కొత్త ఫోన్లో తీసిన ఆ పెద్ద వీడియోని మొయ్యలేక పదకొండో సెకనులో బిగుసుకుపోయింది. నాన్న నోరు తెరవడానికి ఒక్క సెకను ముందన్నమాట. అధికారిణి చాలా సేపు ఓపిక పట్టింది. చివరికి కళ్ళద్దాలు తీసి, "ఆయన గొంతు ఆలస్యమని మాకూ తెలుసమ్మా. నోరు ఎప్పుడు తెరిచాడో చూపించు, చాలు. ఫోన్లో కాదు, పెద్ద స్క్రీన్ మీద అసలు ఫైలే వెయ్యాలి, నేను ఏ సెకను అడిగితే ఆ సెకనులో ఆగాలి. వచ్చే మంగళవారం మూడింటికి. అదే ఆఖరు" అంది.

"లాప్‌టాప్ సంగతి నాకొదిలెయ్యవే కోడలా" అన్నాడు మామయ్య. అమ్మకి తమ్ముడు. ప్రపంచంలో ఆయనకి తెలియని వస్తువు లేదు, తెలిసిన వస్తువూ లేదు. వారం రోజులు "వస్తోంది, వస్తోంది" అని, సరిగ్గా మంగళవారం పొద్దున ఒక స్నేహితుడి లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాపం, ఉత్తరాలు టైపు చేసుకునే లాప్‌టాప్ అది. వీడియో వేస్తే ఫొటోల ఆల్బమ్ తిప్పినట్టు ఒక్కో బొమ్మా ఆగి ఆగి వచ్చింది. ఎడిటరమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నీకో దణ్ణం మామయ్యా" అని చెప్పులేసుకుంది. నాన్న కూడా లేచాడు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆయన పెదాలు అన్నాయి.

షాపు తెరిచేసరికి మామయ్యతో కలిపి ముగ్గురూ గుమ్మంలో ఉన్నారు. అద్దాల బల్లల మీద వరసగా లాప్‌టాప్‌లు, ఒక్కోదానికీ తాళం వేసిన సన్నటి గొలుసు. నవ్వుమొహం పిల్ల ఒకతె ఎదురొచ్చింది.

"ఏ పనికండీ?"

"వీడియో ఎడిటింగ్‌కి" అంది ఎడిటరమ్మ. "పెద్ద ఫైల్. ఒక్క బొమ్మ కూడా జారిపోకూడదు. స్క్రీన్ మీద చీకట్లో ఉన్నది కూడా కనిపించాలి. ఈరోజే కావాలి, ఇప్పుడే కావాలి."

"అయితే ఇది చూడండి" అని ఆ పిల్ల ఒక పల్చటి వెండిరంగు లాప్‌టాప్ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు వేళ్ళతో ఎత్తి చూపించింది. ప్రాసెసర్ కొత్తది, మెమరీ కావలసినంత, ఫ్యాన్ చప్పుడే లేదు. మామయ్య దాని వీపు నిమిరి, "అబ్బ, ఏం నున్నగా ఉందే!" అని అక్కడే దానికి పడిపోయాడు. ఎడిటరమ్మ పెన్ డ్రైవ్ పెట్టి వీడియో వేసింది. నీళ్ళలా నడిచింది. ఎక్కడా తడబాటు లేదు. పదకొండో సెకను దాటింది. నాన్న నోరు తెరుచుకుంది. ఆమె గుండెల మీంచి బరువు దిగిపోయింది.

"బిల్లు వెయ్యండి" అన్నాడు మామయ్య.

కొత్త పెట్టె వచ్చింది, సీలు చింపారు, ఫైలు అందులోకి ఎక్కించారు. ఇంకొక్కసారి చూసుకుందామని ఎడిటరమ్మ మళ్ళీ వేసింది. పక్కన నిలబడ్డ షాపు పిల్ల తొంగి చూసి, "మీ నాన్నగారి గొంతు ఇందులో సరిగ్గానే వస్తోందే!" అంది.

"అంటే?"

"ఇందాక ఆయన నాతో మాట్లాడితే కాసేపాగి వినిపించింది కదండీ. ఇందులో నోరూ మాటా కలిసే వస్తున్నాయి."

ఎడిటరమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మళ్ళీ వేసింది. ఈసారి గొంతు కోసం చూసింది. పుట్టినప్పట్నుంచీ నాన్న మాటని కళ్ళతో వింటూ పెరిగిన పిల్ల, గొంతు ఎప్పుడొస్తోందో చూసుకోవడం ఆమెకి అలవాటే లేదు. మామయ్యకీ లేదు. ఇద్దరూ నోరు తెరుచుకుందా లేదా అన్నదే చూశారు, ఏ సెకనులో అన్నది చూడలేదు. ఆ వీడియో ఇంకెవరు చూసినా నిమిషంలో కనిపెట్టేవాళ్ళు.

"ఇది తెలివైన మోడలండీ" అంది షాపు పిల్ల, గొంతు తగ్గించి. "వీడియోలో పెదాలూ మాటా కలవకపోతే తనంతట తనే కలిపేస్తుంది."

"ఎలా కలుపుతుంది?"

"మాట్లాడే మనిషి పెదాలని మాత్రం గొంతు వచ్చేదాకా వెనక్కి జరుపుతుంది. మిగతా బొమ్మంతా అలాగే ఉంటుంది."

పన్నెండో సెకనులో తెరుచుకోవలసిన నాన్న నోరు ఇందులో పద్నాలుగులో తెరుచుకుంటోంది. అప్పటికి కట్ట ఒరిగిపోయింది. ఈ యంత్రం తీసుకెళ్ళి అధికారిణి ముందు పెడితే, యాజమాన్యం మాటే నిజమని తామే చేతులారా రుజువు చేసినట్టు.

"అది ఆపెయ్యొచ్చు కదా?" అంది ఎడిటరమ్మ.

ఆ పిల్ల సెట్టింగులన్నీ వెతికింది. ఎడిటరమ్మ వెతికింది. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని తనూ వెతికాడు, ఏం వెతుకుతున్నాడో ఆయనకే తెలియాలి. గోడ గడియారం పన్నెండు దాటింది. ఆపే మీట ఎక్కడా లేదు.

ఈ గొడవలో ఎవరూ నాన్నని చూడలేదు. ఆయన స్టూలు మీంచి లేచి వచ్చి స్క్రీన్ ముందు నిలబడ్డాడు. వంగి తన మొహాన్నే చూసుకుంటున్నాడు. "ఇంకోసారి వెయ్యమ్మా" అన్నాయి పెదాలు. గొంతు వచ్చేలోగానే ఆమె వేసింది. స్క్రీన్ మీద నాన్న "ఆపు!" అన్నాడు, నోరూ మాటా ఒక్కసారే. యాభై ఆరేళ్ళలో ఆయన తన గొంతుని తన పెదాల మీద చూడటం అదే మొదలు. కళ్ళు చెమర్చాయి. చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు అలాగే ఉండగానే చూపు పక్కకి, అప్పటికే ఒరిగి ఉన్న గొట్టాల కట్ట మీదికి వెళ్ళింది.

"నేను నిజంగానే ఆలస్యంగా అరిచానేమోనమ్మా" అన్నాయి పెదాలు.

"లేదు నాన్నా! ఇది అబద్ధం చెబుతోంది."

"ఎంత బాగా కనిపిస్తోందో చూడు. అబద్ధంలా లేదే." ఆయన మెల్లగా వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. "ఉండనీ, ఇదే తీసుకెళ్దాం. వాడి కాలు విరిగింది నా కళ్ళ ముందే కదా."

ఎడిటరమ్మకి భయం వేసింది. ఇందాకటి భయం వేరు, ఇది వేరు. లాప్‌టాప్ దొరక్కపోవడం ఒక ఎత్తు, నాన్నే తన మీద నమ్మకం వదిలేసుకోవడం ఇంకో ఎత్తు. ఆమె ఆ వెండిరంగు మూత ఠప్పున మూసేసింది.

"ఇంకోటి చూపించండి" అంది.

రెండోది ఆటలాడే కుర్రకారు కొనే రకం. కీబోర్డు కింద రంగురంగుల లైట్లు, బలం దండిగా ఉంది. వీడియో తడబడలేదు, నోరు పన్నెండో సెకనులోనే తెరుచుకుంది. కానీ స్క్రీన్ మీద రంగులు వెలిసిపోయాయి. పైన కేబిన్ అద్దం ఒట్టి నల్లటి మచ్చలా ఉంది. లోపల ఆపరేటరు ఎటు చూస్తున్నాడో తెలియకపోతే ఈ వీడియోతో సగం పనే అవుతుంది. పైగా పది నిమిషాలకే ఫ్యాన్ బుస్సుమంది, కింద చెయ్యి పెడితే చుర్రుమంది. "విచారణలో చలి కాచుకోవచ్చు" అన్నాడు మామయ్య.

మూడోది మూలన ఉంది, దుమ్ముకొట్టుకుని. నల్లగా, మందంగా, అంచులు మొరటుగా. పోయిన ఏడాది మోడల్. ఛార్జరు ఒక్కటే ఇటుకంత ఉంది. "ఇది లాప్‌టాపా, ఇనప్పెట్టా?" అన్నాడు మామయ్య. ఎడిటరమ్మ జవాబు చెప్పకుండా పెన్ డ్రైవ్ పెట్టింది. ఈసారి కళ్ళు మూసుకుని ఒకసారి విన్నది, చెవులు మూసుకుని ఒకసారి చూసింది. అప్పుడు ఒక్కో బొమ్మా జరుపుతూ వెళ్ళింది. పన్నెండో సెకనులో నోరు. పదమూడులో కట్ట. పద్నాలుగులో గొంతు. కేబిన్ అద్దాన్ని పెద్దది చేసింది. నీడలోంచి ఆపరేటరు తల కనిపించింది. వంగి ఉంది. ఒళ్ళో ఏదో చూసుకుంటున్నాడు.

"ఇదే" అంది.

"ఇది షోకి పెట్టిందండీ, ఒక్కటే పీసు. తాళం మేనేజర్ దగ్గరుంది" అంది షాపు పిల్ల. "ఆయన రెండింటికి వస్తారు. పైగా మీరు ఆ వెండిరంగుదాని సీలు విప్పేశారు, మార్చుకోరేమో…"

రెండు అయ్యేదాకా ఆ షాపులో నిప్పుల మీద కూర్చున్నట్టే కూర్చున్నారు. అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. మామయ్య మూడుసార్లూ "అయిపోయిందక్కా, బయల్దేరుతున్నాం" అని అబద్ధం చెప్పాడు. నాన్న మాత్రం వెండిరంగు లాప్‌టాప్ వైపే చూస్తున్నాడు. మేనేజర్ రెండుంబావుకి వచ్చి, సంగతి విని, సీలు చింపిన పెట్టెని చూసి అడ్డంగా తలూపాడు. ఎడిటరమ్మ బతిమాలింది. తిట్టింది. మళ్ళీ బతిమాలింది. చివరికి షాపు పిల్లే, "సార్, ఆ నల్లదాన్ని ఏడాదిగా ఎవరూ కొనలేదు. మనమే దుమ్ము తుడుస్తున్నాం" అంది. మేనేజర్ జేబు తడుముకున్నాడు. తాళంచెవి ఆమె చేతిలో పడేశాడు.

మూడింటికి రెండు నిమిషాలుండగా విచారణ గదిలోకి పరిగెత్తారు. పొడవాటి బల్ల, ఒక చివర అధికారిణి, పక్కన టైపిస్టు. ఎదురుగా యాజమాన్యం తరఫు లాయరు. గోడవారగా ఆపరేటరు, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. వాడికి ఆ పని నేర్పింది నాన్నే. ఎడిటరమ్మ ఆ నల్ల లాప్‌టాప్‌ని బల్ల మీద ధబ్బున దించి, ఇటుకని గోడకి తగిలించి, స్క్రీన్‌ని అధికారిణి వైపు తిప్పింది. ఫైలు తెరిచి పదో సెకను దగ్గర ఆపి పెట్టింది.

"వీడియో చూసే ముందు ఒక్క మాట" అన్నాడు లాయరు లేచి. "పద్ధతి ప్రకారం ముందు ఆయన్ని అడగాలి. ఆయన ఒప్పుకుంటే వీడియోలతో పనే లేదు. ఒప్పుకున్నవాళ్ళ మీద యాజమాన్యం కఠినంగా ఉండదు కూడా."

అధికారిణికి అది నచ్చలేదు గానీ పద్ధతి పద్ధతే. నాన్న వైపు తిరిగింది. "ఏమండీ, ఆ రోజు జరిగిన దానికి తప్పు మీదని ఒప్పుకుంటున్నారా? ఆలోచించుకుని చెప్పండి. మీ నోటి వెంట వచ్చింది వచ్చినట్టు రాసుకుంటాం."

టైపిస్టు తల కీబోర్డు మీదికి వంచి, చెవి మాత్రం ఇటు పెట్టింది. అధికారిణి కలం మూత తీసుకుంటోంది. లాయరు కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆ క్షణంలో నాన్న పెదాలని చూస్తున్న మనిషి ఆ గదిలో ఒక్కతే.

పెదాలు కదిలాయి.

"నాదేనండి తప్పు."

ఎడిటరమ్మ కళ్ళు ఆ మాట వినేశాయి. నాన్నా, ఎంత పని చేశావు! ఆ మాట పెదాలు దాటింది, చెవులకి ఇంకా చేరలేదు. చేరితే టైపిస్టు వేళ్ళు కదులుతాయి, లాయరు నవ్వుతాడు, ఆఖరి వాయిదా అయిపోతుంది. ఆమె చేతిలో రెండు సెకన్లున్నాయి. అందులో ఒకటి ఆ భయంలోనే గడిచింది. రెండోదాంట్లో ఆమె చెయ్యి వెళ్ళి ఆ నల్ల లాప్‌టాప్ మీద వీడియో నడిపించే పొడుగు మీటని నొక్కింది.

గది దద్దరిల్లిపోయింది. చూపుకి ఎలా ఉన్నా దాని స్పీకర్లు మాత్రం ఘనమైనవి. యార్డు రొదంతా, క్రేన్ మూలుగు, గొలుసుల గలగల, ఇనుము మీద ఇనుము రాసుకునే కీచు, అన్నీ ఒక్కసారి బల్ల మీద విరుచుకుపడ్డాయి. ఆ రొదలో నాన్న గొంతు వచ్చింది, ఎవరికీ తెలియకుండానే మునిగిపోయింది. అందరి తలలూ స్క్రీన్ వైపు తిరిగాయి. స్క్రీన్ మీద నాన్న నోరు పెద్దగా తెరుచుకుంది. కట్ట ఒరిగింది. ఆ తర్వాత వచ్చింది కేక.

"ఆపు!"

"అభ్యంతరం! ఆయన ఏదో చెబుతుంటే ఈ అమ్మాయి…" లాయరు అరుస్తున్నాడు.

"కూర్చోండి" అంది అధికారిణి, కళ్ళు స్క్రీన్ మీంచి తియ్యకుండా. "అమ్మాయ్, వెనక్కి తిప్పు. పన్నెండో సెకను."

పన్నెండో సెకను దగ్గర టక్కున ఆగింది. నోరు తెరిచి ఉంది. కట్ట నిటారుగా ఉంది.

"ఆ పైనున్న అద్దం పెద్దది చెయ్యి."

చేసింది. గోడవారగా ఉన్న ఆపరేటరు తన వంచిన తలని తానే చూసుకుని, "నేను… కిందికి చూస్తున్నానండి. ఫోన్ వచ్చింది. సార్ అరవడం నేను చూడలేదు" అన్నాడు. అని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

అధికారిణి చాలా సేపు ఏదో రాసుకుంది. అప్పుడు తలెత్తి, "ఇందాక మీరేదో అన్నట్టున్నారు. రొదలో వినపడలేదు. మళ్ళీ చెప్పండి, రాసుకోవాలి" అంది నాన్నతో.

నాన్న ఆమె వైపు చూడలేదు. స్క్రీన్ వైపే చూస్తున్నాడు. అక్కడ ఆయనే ఉన్నాడు, నరాలు తేలిన మెడతో, నోరంతా తెరిచి, కట్ట ఇంకా నిటారుగా ఉండగానే. చాలా సేపు చూశాడు. కూతురు ఆయన పెదాల మీంచి చూపు తిప్పలేదు. ఇప్పుడు ఏమన్నా తను అడ్డుపడదు. ఒకసారి పడింది, చాలు.

పెదాలు కదిలాయి.

ఎడిటరమ్మకి ఏడుపు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోతుంటే నవ్వుతూ ఏడ్చింది. అమ్మాయికి ఏమైందని అధికారిణి ఇటు తిరిగింది. టైపిస్టు వేళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"నేను టైముకే అరిచానండి" అంది నాన్న గొంతు.

టైపిస్టు రాసుకుంది.